హంతకుడు ముందే తెలిసిన కథలో హాస్యం: ‘కొలంబో’ టెలివిజన్ ధారావాహిక నిర్మాణ చరిత్ర

అపరాధ పరిశోధన కథకు గోప్యతే ప్రాణమన్నది సామాన్యాభిప్రాయం. హంతకుడెవరో చివరి పుటదాకా దాచగలిగిన రచయిత సమర్థుడు. మధ్యలో బయటపడనిచ్చినవాడు విఫలుడు. ఈ సూత్రాన్ని తలకిందులు చేసిన కథారూపం ఆంగ్లసాహిత్యంలో ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల నుంచే ఉంది. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో వెలువరించిన ‘ది సింగింగ్ బోన్’ సంపుటిలోని పలు కథలలో నేరం పాఠకుడి కళ్లెదుటే జరుగుతుంది. పరిశోధకుడు నేరస్థుణ్ణి ఎలా చేరుకుంటాడన్నదే తరువాతి కథ. ఫ్రీమన్ దృష్టి శాస్త్రీయ పరీక్షలమీద నిలిచింది కనుక ఆ కథలలో నవ్వుకు చోటు తక్కువ. అదే చట్రంలో హాస్యాన్ని నిలిపి, దాన్ని దశాబ్దాలపాటు నడిపించిన రచన అమెరికన్ టెలివిజన్ ధారావాహిక ‘కొలంబో’. అందులోని హాస్యం కథపైన అతికించిన అలంకారమా, కథానిర్మాణంలో అంగమా అన్న ప్రశ్నకు సమాధానం ఆ ధారావాహిక తయారైన తీరులోనే దొరుకుతుంది.

నేరాన్ని ముందు చూపి విచారణను తరువాత నడిపే పద్ధతి భారతీయ నాటక పాఠకులకు కొత్త కాదు. మృచ్ఛకటికం ఎనిమిదవ అంకంలో శకారుడు వసంతసేన గొంతు నులుముతాడు; తొమ్మిదవ అంకంలో న్యాయస్థానం చారుదత్తుణ్ణి దోషిగా నిలబెడుతుంది. ప్రేక్షకుడికి నిజం తెలుసు, అధికరణికుడికి తెలియదు. అక్కడ నవ్వించే పాత్రలు రెండూ సత్యానికి అడ్డుగానే నిలుస్తాయి: శకారుడు నేరమే చేస్తాడు, విదూషకుడు మైత్రేయుడు సభలో పెనుగులాడి నగలు జారవిడిచి మిత్రుడి నెత్తిమీదికి ముప్పు తెస్తాడు. ‘కొలంబో’లో ఈ అమరిక తిరగబడింది. హంతకుడు గంభీరుడు, నాగరికుడు, సంపన్నుడు. నవ్వు పుట్టించేవాడు పరిశోధకుడు. ఈ తిరగవేత ఒక్కరోజులో, ఒక్కరి ఆలోచనలో జరిగింది కాదు.

రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ ఫిలడెల్ఫియా ప్రాంతంలో బడిపిల్లలుగా ఉన్నప్పుడే స్నేహితులయ్యారు. ఇద్దరికీ ఇంద్రజాలమంటే మోజు, అపరాధ కథలంటే ఇష్టం. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ పేరిట వెలువడే మిస్టరీ పత్రికలో 1960లో వచ్చిన వారి చిన్నకథలో భార్యను చంపిన భర్త ఉన్నాడు గాని కొలంబో లేడు. ఆ కథను టెలివిజన్ నాటికగా విస్తరించినప్పుడు హంతకుడికి ఎదురుగా నిలబడే పోలీసు అధికారి అవసరమయ్యాడు. 1960 జులై 31న ఎన్.బి.సి.లో ప్రసారమైన ‘ఇనఫ్ రోప్’లో బర్ట్ ఫ్రీడ్ ఆ పాత్ర ధరించాడు. ఆ విధంగా కొలంబో కథకు నాయకుడిగా కాక, కథలోని ఖాళీని పూరించే అవసరంగా పుట్టాడు. తరువాతి చరిత్రనంతటినీ అర్థం చేసుకోవడానికి ఈ విషయం గుర్తుండాలి.

1962లో అదే ఇతివృత్తం ‘ప్రిస్క్రిప్షన్: మర్డర్’ అనే రంగస్థల నాటకమైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఆ ప్రదర్శనలో హంతకుడైన వైద్యుడిగా జోసెఫ్ కాటన్, అతడి భార్యగా ఆగ్నెస్ మూర్‌హెడ్, కొలంబోగా వృద్ధనటుడు థామస్ మిచెల్ నటించారు. నాయకపాత్ర కాటన్‌దే. అయినా ప్రేక్షకుల అభిమానం రెండవ పాత్రవైపు మొగ్గింది. నాటకం బ్రాడ్‌వే చేరలేదు. మిచెల్ ఆ సంవత్సరాంతంలో మరణించాడు. నాటకానికి మిగిలిన నికరలాభం ఒక్కటే: హంతకుడి కథగా అల్లినదాన్ని జనం పరిశోధకుడి కథగా చూశారని రచయితలకు తెలియడం.

ఆ నాటకరచననాటి సంగతి ఒకటి లింక్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. టైప్‌రైటర్ మీద కొట్టిన ఒక సన్నివేశం మరీ పొట్టిగా తేలింది. కొలంబో అప్పటికే సెలవు తీసుకుని నిష్క్రమించాడు. సన్నివేశమంతా మళ్లీ టైపు చేసే ఓపిక లేక, వెళ్లిపోయినవాణ్ణి గుమ్మం దగ్గర వెనక్కి తిప్పి, ఇంకొక్క విషయం మరిచిపోయానని అనిపించారు. అలసట తెచ్చిన ఆ సర్దుబాటే పాత్రకు ముద్రగా మారింది. అది ఎందుకు నిలిచిందన్నదే విచార్యం. హంతకుడు ఊపిరి పీల్చుకునే క్షణం, వేషం కాస్త సడలే క్షణం, అతిథి వెళ్లిపోయాక వచ్చేదే. ఆ క్షణంలో తలుపు మళ్లీ తెరుచుకుంటే ప్రేక్షకుడికి నవ్వు, హంతకుడికి గుండెదడ ఒకేసారి కలుగుతాయి. ఒకే క్రియ హాస్యానికి, భయానకానికి ఏకకాలంలో విభావమయ్యే సందర్భాలు నాటకసాహిత్యంలో అరుదు.

పాత్ర మూలాలలో దొస్తొయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ నవలలోని పోర్ఫీరీ పెత్రోవిచ్ ఉన్నాడని రచయితలు దాచలేదు. మర్యాదగా, వంకరటింకరగా మాట్లాడుతూ అనుమానితుణ్ణి అలసటకు గురిచేసే విచారణాధికారి అతడు. అయితే పోర్ఫీరీ మాటల వెనుక రాస్కొల్నికోవ్ ఆత్మను గురించిన చింత ఉంది. కొలంబో మాటల వెనుక ఉన్నది వర్గభేదం. ఈ ధారావాహికలో హంతకులు శస్త్రవైద్యులు, న్యాయవాదులు, సంగీత నిర్వాహకులు, చిత్రకళా విమర్శకులు. లాస్ ఏంజెలిస్ కొండలమీది విశాలమైన ఇళ్లవాళ్లు. నలిగిన కోటుతో లోపలికి వచ్చిన పోలీసువాణ్ణి చూసి వాళ్లు నవ్వుకుంటారు. భరతుడు హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించి, స్మిత హసితాలను ఉత్తమ పాత్రలకు కేటాయించాడు. ‘కొలంబో’ హంతకుడి నవ్వు ఆ స్మితమే: పళ్లు కనిపించని, పెద్దమనిషి చిరునవ్వు. వికృతవేషం, అసంబద్ధ ప్రలాపం వంటి విభావాలన్నీ కొలంబోలో ఉన్నాయి. వాటికి మొదట నవ్వేవాడు హంతకుడు. ప్రేక్షకుడు నవ్వేది ఆ నవ్వును చూసి. అంకం గడిచేకొద్దీ హంతకుడి స్మితం సన్నబడుతుంది, ప్రేక్షకుడి నవ్వు పెరుగుతుంది. హంతకుడెవరో దాచివుంటే ఈ రెండంతస్తుల నవ్వు సాధ్యమయ్యేది కాదు. గోప్యతను వదులుకున్నందుకు రచయితలకు దక్కిన ప్రతిఫలం ఇదే.

టెలివిజన్ చలనచిత్రంగా ఆ నాటకాన్ని తీయదలచినప్పుడు నటుడి ఎంపిక సులువు కాలేదు. రచయితలు మిచెల్ వంటి పెద్దవయసు నటుణ్ణి ఊహించుకున్నారు. లీ జె. కాబ్‌కు తీరిక లేదు, బింగ్ క్రాస్బీ కాదన్నాడు. అప్పటికి నలభైయేళ్లున్న పీటర్ ఫాక్ ఈ పాత్రకు చిన్నవాడని వారి సందేహం. 1968 ఫిబ్రవరి 20న ప్రసారమైన ఆ చిత్రంలో ఫాక్ కొలంబో తరువాతివాడికంటె శుభ్రంగా, కరుకుగా కనిపిస్తాడు. పాత్ర ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. 1971 మార్చిలో రెండవ చిత్రం వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు 15న ధారావాహిక మొదలైంది.

నిర్మాణ పద్ధతి ఇక్కడ నిర్ణాయకమైంది. వారంవారం వచ్చే ధారావాహికలో నటించడానికి ఫాక్ సుముఖుడు కాడు. ఎన్.బి.సి. మూడు వేరువేరు ధారావాహికలను ఒకే శీర్షిక కింద వంతులవారీగా ప్రసారం చేసే ఏర్పాటు చేసింది. ‘కొలంబో’తో పాటు ‘మెక్‌క్లౌడ్’, ‘మెక్‌మిలన్ అండ్ వైఫ్’ ఆ వరుసలో నడిచాయి. తొలి సంవత్సరం ‘కొలంబో’ భాగాలు ఏడే. గంట నిడివి వారపు ధారావాహికలకు దొరకని తీరిక దీనివల్ల దక్కింది. ఒక్కొక్క భాగానికి గంటన్నర ప్రసారసమయం ఉండటంతో హంతకుడి పథకాన్ని పదిహేను, ఇరవై నిమిషాలపాటు తాపీగా చూపగలిగారు. ప్రసారసంస్థ అధికారులను కలవరపెట్టింది కూడా ఇదే. జీతం తీసుకునే ప్రధాన నటుడు అంతసేపు తెరమీదికి రాకపోవడమేమిటని వారి ఆక్షేపణ. రచయితలు నిర్మాతలు కూడా కావడంతో ఆ ఆక్షేపణ నెగ్గలేదు.

ధారావాహికలోని తొలి భాగం ‘మర్డర్ బై ది బుక్’ను స్టీవెన్ బోచ్‌కో రాయగా, ఇరవైనాలుగేళ్ల స్టీవెన్ స్పీల్‌బెర్గ్ దర్శకత్వం వహించాడు. జంటగా అపరాధ నవలలు రాసే ఇద్దరు రచయితలలో, నిజానికి ఒక్కమాటా రాయలేనివాడు రాయగలిగినవాణ్ణి చంపుతాడు. జంటరచయితలైన నిర్మాతల ప్రథమ భాగానికి ఈ ఇతివృత్తాన్ని ఎన్నుకోవడంలోనే కొంత కొంటెతనముంది. ఆరంభంలో హంతకుడి కారు సమీపిస్తుండగా టైప్‌రైటర్ చప్పుడు తప్ప మరేదీ వినిపించదు. భయం పుట్టించే నేపథ్యసంగీతం స్థానాన్ని రచయిత పనిముట్టు ఆక్రమించింది.

పాత్ర రూపురేఖలలో చాలాభాగం ఫాక్ చేర్చినవే. ఆ రెయిన్‌కోటు స్టూడియోవారు ఇచ్చింది కాదు. న్యూయార్క్‌లో ఒక వానరోజున 57వ వీధిలో అతడు తనకోసం కొనుక్కున్నది. యూనివర్సల్ స్టూడియో వాహనశాలలో మూలన పడివున్న పాత పెజో 403 కారును ఏరుకున్నదీ అతడే. ఎండ తప్ప వాన అంతగా ఎరగని లాస్ ఏంజెలిస్‌లో వానకోటు ధరించడమే ఒక చమత్కారం. చిత్రీకరణ సమయంలో స్క్రిప్టులో లేని పనులు చేసి ఎదుటి నటుణ్ణి తికమక పెట్టడం అతడికి అలవాటు: జేబులు తడుముకోవడం, పెన్సిలు అడగడం, సంబంధం లేని వస్తువును గురించి ఆరా తీయడం. తెరమీద కనిపించే హంతకుడి చిరాకులో ఎదుటి నటుడి నిజమైన చిరాకు కొంత కలిసివుంది. అభినయానికి, అనుభవానికి మధ్య గీత ఇక్కడ చెరిగిపోయింది. ఈ పద్ధతి న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఫలితం మాత్రం తెరమీద ఉంది.

నటుడి చేర్పులు పెరిగేకొద్దీ పాత్ర ఎవరిదన్న వివాదం అనివార్యమైంది. తొలి సంవత్సరంలోనే ఫాక్ ఒక భాగానికి దర్శకత్వం వహిస్తానని పట్టుబట్టాడు, స్టూడియో వెనకాడింది, అతడు అనారోగ్యమని చిత్రీకరణకు రావడం మానాడు. చివరికి అవకాశం ఇచ్చినప్పుడు నిర్మాతలు కావాలనే కష్టమైన స్క్రిప్టును, నిర్మాణంలో ఉన్న కట్టడం మధ్య నడిచే ‘బ్లూప్రింట్ ఫర్ మర్డర్’ను, అతడి చేతికిచ్చారు. అది 1972 ఫిబ్రవరిలో ప్రసారమైంది. శవం పునాదిలో ఉందని అనుమానించి తవ్వకానికి అనుమతి కోసం కొలంబో కార్యాలయాల వరుసలలో నిలబడే ఘట్టం అందులో ఉంది. గడ్డిని మోస్తున్నట్టు కనిపించే సాదా పోలీసువాడి ఓర్పును అంత నిదానంగా చూపిన భాగాలు కొన్నే. శిక్షగా ఇచ్చిన స్క్రిప్టు నటుడికి అనుకూలంగానే పరిణమించింది.

రెండవ సంవత్సరం కొలంబోకు ఒక కుక్కను జతచేయాలన్న ప్రతిపాదన వచ్చింది. కోటు, కారు, సిగారు ఉండగా ఇంకొక ఆభరణమెందుకని ఫాక్ మొదట వ్యతిరేకించాడు. కళ్లు వేలాడేసుకుని, కదలడానికి ఇష్టపడని బాసెట్ హౌండ్‌ను ఎదుట నిలబెట్టాక ఒప్పుకున్నాడు. 1972 సెప్టెంబరులో ప్రసారమైన ‘ఎట్యూడ్ ఇన్ బ్లాక్’తో అది ప్రవేశించింది. దానికి పేరు పెట్టకపోవడం మరింత తెలివైన నిర్ణయం. పరిశోధకుడి ముందుపేరునూ ఎవరూ పలకరు గదా.

ఇక్కడ ఒక విభజన స్పష్టమవుతుంది. కొలంబోలో కనిపించేవి అధికంగా నటుడివి, కనిపించనివి రచయితలవి. తుపాకి లేదు, ఇల్లు లేదు, ముందుపేరు లేదు. మాటిమాటికీ ప్రస్తావనకు వచ్చే భార్య ఒక్కసారీ తెరమీదికి రాదు. ఆమె ఇష్టాయిష్టాలు, ఆమె అభిమానించే నటులు, ఆమె తరఫు బంధువులు కథలుకథలుగా వినిపిస్తారు. అవన్నీ నిజమేనా, హంతకుణ్ణి మభ్యపెట్టడానికి అల్లినవా అన్నది తేలకపోవడంలోనే హాస్యముంది. ప్రేక్షకుడికి హంతకుడి రహస్యం తెలుసు, పరిశోధకుడి రహస్యం తెలియదు. ధారావాహికలో మిగిలిన గోప్యతంతా ఈ ఒక్కచోట దాగివుంది.

ఆ గోప్యత విలువను ప్రసారసంస్థ గుర్తించలేదు. 1978లో ‘కొలంబో’ ఆగిపోయాక, 1979 ఫిబ్రవరిలో ఎన్.బి.సి. ‘మిసెస్ కొలంబో’ పేరుతో కొత్త ధారావాహికను మొదలుపెట్టింది. కేట్ మల్‌గ్రూ నాయిక. లెవిన్‌సన్, లింక్, ఫాక్ ముగ్గురికీ ఇది సమ్మతం కాదు. కనిపించని భార్యకు ముఖం, ఉద్యోగం, కూతురు వచ్చేసరికి ఆమె మరొక సాధారణ పరిశోధకురాలైంది. ధారావాహిక పేరును, చివరికి నాయిక ఇంటిపేరును కూడా మార్చి, ఆమెకు కొలంబోతో సంబంధం లేనట్టు సవరించవలసి వచ్చింది. పదమూడు భాగాలతో అది ముగిసింది. మల్‌గ్రూ నటనలో లోపం వెదకడం అన్యాయం; పూరించకూడని ఖాళీని పూరించడమే లోపం.

లెవిన్‌సన్ 1987లో మరణించాడు. 1989లో ఏ.బి.సి. సంస్థ ద్వారా ‘కొలంబో’ మళ్లీ వచ్చి, 2003 దాకా అప్పుడప్పుడు ప్రసారమైంది. మొత్తం భాగాలు అరవైతొమ్మిది. ఈ రెండవ దశలో చాలా భాగాలు మొదటి దశ స్థాయిని అందుకోలేదు. కోటు, కారు, మాటతీరు పునరుక్తులై, నటుడి చేర్పులే కథను మోయవలసి వచ్చింది. అయితే 1990 నాటి ‘రెస్ట్ ఇన్ పీస్, మిసెస్ కొలంబో’ అనే భాగంలో రచయితల పాత సూత్రం మరొకసారి పనిచేసింది. పగబట్టిన ఒక స్త్రీ కొలంబో భార్యను చంపడానికి పథకం వేస్తుంది. అంత్యక్రియల ఘట్టం జరుగుతుంది, ఆమె ఛాయాచిత్రం చేతులు మారుతుంది, ఇరవైయేళ్ల తరువాత ఆమె ముఖం చూడగలిగామని ప్రేక్షకుడు అనుకుంటాడు. చివర అంత్యక్రియలు నటన అని తేలుతుంది. ఆ ఛాయాచిత్రం ఆమెది కాదని కూడా తేలుతుంది.