యేట్ చెట్టు

యేట్ నైరుతి ఆస్ట్రేలియా తీరప్రాంతంలో సహజంగా పెరిగే యూకలిప్టస్. శాస్త్రీయ నామం యూకలిప్టస్ కోర్నూటా. మనం కాగితపు గుజ్జుకూ గుంజలకూ పెంచే జామాయిల్‌కు ఇది దగ్గరి చుట్టమే. అయితే దీనికి పేరు తెచ్చింది కలప గట్టిదనం. ఆరిన కలప కూడా ఘనపు మీటరుకు సుమారు 1,100 కిలోలు తూగుతుంది. నీటి బరువు వెయ్యి కిలోలే కాబట్టి యేట్ దుంగ నీళ్లలో తేలదు, మునుగుతుంది.

పేరు, స్వరూపం

‘యేట్’ ఆ ప్రాంతపు ఆదివాసులైన నూంగార్ల మాట. ‘కోర్నూటా’ అంటే లాటిన్‌లో కొమ్ములున్నది. మొదలు మీద బెరడు నల్లగా, గరుకుగా ఉంటుంది. పై కొమ్మలు నున్నగా ఉంటాయి. మొగ్గలు గుత్తులుగా వస్తాయి. ఒక్కో మొగ్గకు కొమ్ములాంటి పొడవైన మూత ఉంటుంది. అది ఊడిపడగానే లోపల ముడుచుకున్న కేసరాలు పసుపు కలిసిన ఆకుపచ్చ కుచ్చులా విచ్చుకుంటాయి.

చరిత్ర

కనిపించకుండా పోయిన నావికుడు లా పెరూజ్‌ను వెతుకుతూ దాంత్రకాస్తో నాయకత్వంలో బయలుదేరిన రెండు ఫ్రెంచి ఓడలు 1792 డిసెంబరులో ఈ తీరంలో లంగరు వేశాయి. వాటిలో ఒక ఓడ పేరే నేటి ఎస్పెరాన్స్ పట్టణానికి వచ్చింది. యాత్రలోని వృక్షశాస్త్రజ్ఞుడు లాబిల్లార్దియేర్ అక్కడ యేట్ నమూనాలు సేకరించాడు. తిరుగుదారిలో జావాలో ఆయన సేకరణలు జప్తయి ఇంగ్లండు చేరాయి. ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ పట్టుబట్టి వాటిని తిరిగి ఇప్పించాడు. 1800లో వెలువడిన యాత్రా గ్రంథంలో లాబిల్లార్దియేర్ ఈ చెట్టును శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

తర్వాత ఇక్కడ స్థిరపడిన వలసవాసులకు ఇది బండ్ల కలప అయింది. గట్టిదనంతో పాటు విరగకుండా వంగే గుణం ఉండటంతో నొగలకూ, బండి చట్రాలకూ, పడవల పక్కటెముకలకూ దీన్ని వాడారు. 19వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ కూడా ఈ వాడుకలను గుర్తించాడు. కానీ అదే ప్రాంతపు యూకలిప్టస్‌లైన జారా, కారీల కలపల్లా ఇది పెద్ద వ్యాపారంగా ఎదగలేదు: చెట్లు చిన్నవి, అక్కడక్కడా చెదిరి ఉంటాయి. మోటారు వాహనాలొచ్చి బండ్లు పోవడంతో ఆ గిరాకీ కూడా తగ్గింది.

నేడు

ఇప్పుడు యేట్‌ను ఎక్కువగా నీడకూ, గాలికి అడ్డుగానూ నాటుతున్నారు. దీని బంధువుల్లో ఫ్లాట్-టాప్డ్ యేట్ ఉప్పు నేలలను తట్టుకుంటుంది. బుషీ యేట్ మాత్రం దక్షిణాఫ్రికాలో నాటిన చోటు దాటి పాకి, బెడదగా మారింది.