నవాబుని ఓడించిన పక్కదారి: తిరుపతి నుంచి పూతలపట్టుకి సైకిల్ మీద ఒక రోజు

ఫోన్‌లో మ్యాప్ తెరిచి "తిరుపతి నుంచి పూతలపట్టు" అని కొట్టండి. ఒక నీలం గీత వస్తుంది. చంద్రగిరిని, పాకాలని పక్కకి పెట్టేసి, ఎక్కడా ఆగకుండా తీసుకొచ్చి పూతలపట్టులో దించేస్తుంది. కారులో అయితే పాటలు వింటూ ఉండగానే ఊరొచ్చేస్తుంది.

ఈరోజు ఎపిసోడ్‌లో అదే ప్రయాణం సైకిల్ మీద చేద్దాం. హైవేని వీలైనంత వదిలేసి ఊళ్ళ మధ్య దారుల్లో పోదాం. పక్కదారులన్నీ కలుపుకుంటే 70 కిలోమీటర్ల దాకా తొక్కాలి. చలికాలంలో తెల్లారకముందే బయలుదేరితే సాయంత్రానికి హాయిగా చేరొచ్చు. మా ఊరు పూతలపట్టే కాబట్టి ఇవన్నీ నాకు తెలిసిన దారులే. కానీ ఈ దారుల మీద జరిగిన ఒక సంగతి దక్షిణ భారతదేశం చరిత్రనే తిప్పేసిందని మా ఊళ్ళో కూడా చాలామందికి తెలియదు. అసలు కథ అదే.

మొదట ఒక చిన్న లెక్క. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు సుమారు 330 మీటర్లు. అంటే పూతలపట్టు వైపు వస్తున్నామంటే మనం ఎక్కుతున్నాం. బస్సులో కూర్చున్నవాళ్ళకి ఇది తెలియదు, సైకిల్ తొక్కేవాళ్ళకి మాత్రం మోకాళ్ళు చెప్తాయి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ వాలు, రెండు కొండల మధ్య సందు ఎక్కడుంది, దాహమేస్తే నీళ్ళెక్కడ దొరుకుతాయి, ఇవన్నీ ఒంటికే తెలుస్తాయి. పాతకాలంలో దండు నడిపించేవాళ్ళు కూడా సరిగ్గా ఈ నాలుగు లెక్కలే వేసుకునేవాళ్ళు. గుర్రానికీ ఎద్దుకీ మనిషికీ ఎత్తు ఎత్తే కదా. అందుకే ఈ చరిత్ర సైకిల్ మీద పోతే బాగా అర్థమవుతుందని నేనంటాను.

తిరుపతి దాటగానే మొదట వచ్చేది చంద్రగిరి. కోట, రాజమహల్ మీలో చాలామంది చూసే ఉంటారు, సెల్ఫీలు కూడా దిగే ఉంటారు. 1485లో విజయనగరం సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు ఈ చంద్రగిరి నుంచే ఏలాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు పెనుకొండకి జరిగారు, తర్వాత చంద్రగిరికి వచ్చారు. అలా చంద్రగిరిలో ఉండి ఏలిన పెద వెంకటరాయల కాలంలోనే, ఆయన కింద ఉన్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రం ఒడ్డున కొంచెం నేలని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. అది 1639 ఆగస్టు. ఆ నేల మీద లేచిన ఊరే మద్రాసు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

చంద్రగిరి దాటాక పనపాకం మీదుగా పాకాల వైపు వస్తాం. ఇక్కడే ఎక్కుడు తెలుస్తుంది. రెండు పక్కలా కొండలు, మధ్యలో రోడ్డు, దగ్గర్లోనే రైలు పట్టాలు. పాకాల జంక్షన్‌లో రైలు దారి చీలుతుంది. ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఒకటి తిరుపతికి, మూడోది పీలేరు, మదనపల్లె వైపు పోయి ధర్మవరం చేరుతుంది. ఈ మూడో లైను పాకాల వదలగానే పట్టుకునే ఊరు దామలచెరువు. మామిడికాయల మార్కెట్ అంటే జిల్లాలో అందరికీ తెలిసిన పేరు. సీజన్‌లో తోతాపురి, నీలం, బేనీషా లోడ్లతో రోడ్డు కిక్కిరిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు సైకిల్ ఆపి చుట్టూ చూడండి. ఒకవైపు కడప, పీలేరు పక్కనుంచి దిగొచ్చే ఎత్తు నేల. ఇంకోవైపు చిత్తూరు, వేలూరు, ఆర్కాట్ వైపు పోయే నేల. ఈ రెంటినీ కలిపేది కొండల మధ్య ఉన్న సందు. మనవాళ్ళు కనుమ అంటారు. ఉత్తరం నుంచి ఆర్కాట్ మీద పడాలనుకునే దండు దిగేందుకు ముఖ్యమైన తలుపుల్లో ఇదొకటి.

1740లో ఆ తలుపు దగ్గర నిలబడ్డవాడు ఆర్కాట్ నవాబు దోస్త్ అలీ ఖాన్. ఆయన అల్లుడు చందా సాహెబ్ అప్పటికే తిరుచిరాపల్లిని పట్టేసుకున్నాడు. తంజావూరు మీద కూడా ఒత్తిడి పెరిగింది. ఇంకోపక్క చౌత్ అనే కప్పం బాకీ ఉందని మరాఠాలు అడుగుతున్నారు. నాగపూర్ రఘోజీ భోంస్లే పెద్ద గుర్రపు దండుతో బయలుదేరాడు. నవాబు సైన్యంలో ఎక్కువ భాగం దక్షిణాన కొడుకు సఫ్దర్ అలీ, అల్లుడు చందా సాహెబ్‌ల దగ్గర ఉంది. వాళ్ళు వచ్చేదాకా ఆగే టైము లేదు. అందుకే దోస్త్ అలీ ఉన్నవాళ్ళనే వెంటబెట్టుకుని దామలచెరువు కనుమకి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

ఇది తెలివితక్కువ పని ఏం కాదు. తక్కువ మంది ఎక్కువ మందిని ఆపాలంటే ఇరుకు సందే సరైన చోటు. ఎదుటివాడికి లక్ష గుర్రాలున్నా ఒక్కసారిగా పదో ఇరవయ్యో కదా దూరగలవు.

మరి ఎలా ఓడిపోయాడు? ఆ శతాబ్దంలోనే ఈ యుద్ధాల చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ చెప్పే కథ ఇది. ప్రధాన కనుమకి పక్కన ఇంకో దారి ఉంది. దానికి కాపలాగా నవాబు తన మనిషినే పెట్టాడు. ఆ మనిషి మరాఠాలతో కలిసిపోయి దారి వదిలేశాడు. వాళ్ళు చుట్టూ తిరిగొచ్చి నవాబు దండుకి వెనకనుంచి తేలారు. దుమ్ము లేపుకుంటూ వస్తున్నవాళ్ళని చూసి, కొడుకు సాయానికొస్తున్నాడేమో అని దోస్త్ అలీ అనుకున్నాడట. 1740 మే 20న దోస్త్ అలీ, ఆయన ఇంకో కొడుకు హసన్ అలీ ఇద్దరూ ఈ నేల మీదే చనిపోయారు.

రాజమార్గానికి నవాబే స్వయంగా కాపలా కాశాడు. ఆయన ప్రాణం తీసింది మాత్రం అడ్డదారి.

తర్వాత జరిగింది వరసగా చూడండి. కొత్త నవాబు సఫ్దర్ అలీ కోటి రూపాయలు ఇస్తానని ఒప్పుకుని మరాఠాలతో రాజీ పడ్డాడు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకుని చందా సాహెబ్‌ని సతారాకి తీసుకుపోయారు. 1742లో సఫ్దర్ అలీని వేలూరులో బంధువులే చంపించారు. నవాబు కుర్చీ ఎవరిదో తేలక గొడవ మొదలైంది. నిజాం అన్వరుద్దీన్‌ని కూర్చోబెట్టాడు. 1749లో ఆంబూరు యుద్ధంలో ఆయనా పోయాడు. ఒక పక్షాన ఫ్రెంచివాళ్ళు, ఇంకో పక్షాన ఇంగ్లీషువాళ్ళు చేరారు. 1751లో క్లైవ్ ఆర్కాట్‌లో దూరాడు. 1801 వచ్చేసరికి మన చిత్తూరుతో సహా కర్ణాటక నవాబు సీమ మొత్తం కంపెనీ చేతిలో పడిపోయింది. ఇదంతా ఒక్క దామలచెరువు వల్లే అని నేనను. కానీ ఆ మెట్ల వరసలో ముఖ్యమైన మెట్టు ఇక్కడుంది.

ఇప్పుడు 1639 గుర్తు చేసుకోండి. కంపెనీకి మద్రాసు నేల దొరికింది చంద్రగిరి రాజ్యంలో. ఆ కంపెనీకి దేశంలోకి దారి తెరుచుకునే గొడవ మొదలైంది 1740లో, దామలచెరువులో. మధ్యలో 101 ఏళ్ళు. సైకిల్ మీద పొద్దున ఒకటి చూస్తే మధ్యాహ్నం భోజనం వేళకి రెండోది.

కథలో ఇంకో పాత్ర ఉంది, పాలెగాళ్ళు. కొండదారులకీ కనుమలకీ కాపలా కాసి, దానికి కావలి రుసుం తీసుకున్న స్థానిక నాయకులు వీళ్ళు. చిత్తూరు పాళేల్లో బంగారి, నరగంటి, కల్లూరు, పులిచెర్ల, మొగరాల, పాకాల ఉన్నాయి. ఇందులో కల్లూరు, పులిచెర్ల, పాకాల మ్యాప్‌లో ఎక్కడున్నాయో చూడండి. మనం ఆగిన కనుమకి అటూ ఇటూ ఉన్నవే! కంపెనీ వచ్చి కావలి హక్కులు తీసేస్తానంటే వీళ్ళు ఎదురు తిరిగారు. 1804, 1805ల్లో సైన్యాన్ని దించి కంపెనీ ఆ పాళేలని అణిచేసింది. దారి ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉంటుందని కంపెనీకి బాగా తెలుసు.

పాళేలు పోయాక 1890ల మొదట్లో రైలొచ్చింది, అదీ ఈ సందులోంచే దూరింది. ఆ తర్వాత సైకిలొచ్చింది. గుర్రం దొరలది, రైలు తన పట్టాల మీదే పోతుంది. మామూలు మనిషి తనకి కావాల్సిన చోటుకి, గట్టు మీదైనా బండి బాటలోనైనా పోగలిగింది సైకిల్‌తోనే. మొదట్లో ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి కాబట్టి కలిగినవాళ్ళకే అందేవి. 1951 నుంచి మద్రాసు పక్కన అంబత్తూరులోనే హెర్క్యులిస్ సైకిళ్ళు తయారవడం మొదలయ్యాక మన పల్లెల్లో పాలవాళ్ళు, పోస్ట్‌మన్లు, అయ్యవార్లు అందరూ ఎక్కారు. సీటు అందని పిల్లలం బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. నడిస్తే మూడు గంటలు పట్టే చిత్తూరు సంత సైకిల్ మీద గంట దూరమైంది. పాలెగాడికి మాత్రమే తెలిసిన అడ్డదారులు అలా అందరికీ తెలిసొచ్చాయి.

దామలచెరువు నుంచి పూతలపట్టు వైపు వస్తుంటే ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. బెంచీ మీద కూర్చున్న తాత నా సైకిల్‌ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"యాడికి నాయనా?"

"పూతలపట్టుకి తాతా."

"దానికి ఈ రోడ్డెందుకు? చెరువుకట్ట ఎక్కి డొంకలో పడు. చింతచెట్టు కాడ ఎడమకి తిరిగితే సగం దూరం తగ్గుతాది."

కట్ట ఎక్కాను, డొంకలో కొంత దూరం పోయాను. ఆ తర్వాత డొంక లేదు. రెండు పక్కల తోటలవాళ్ళూ కంచెలు ముందుకి జరుపుకుంటూ వచ్చారు, బాట వాటిలో కలిసిపోయింది. సైకిల్ వెనక్కి తిప్పుకుని రోడ్డు మీదే వచ్చాను. తాత చెప్పిన దారి తాత తలలో మాత్రమే మిగిలింది.

ఇక్కడే నాకు భయమేస్తుంది. పూతలపట్టు అంటేనే దారులు కలిసే ఊరు. కర్నూలు నుంచి చిత్తూరు పోయే 40వ నంబరు హైవేలో తిరుపతి నుంచి వచ్చే 140వ నంబరు హైవే కలిసేది ఇక్కడే. పట్టు అని ముగిసే పేరు చూడండి, చెంగల్పట్టు గుర్తొస్తుంది కదా. తమిళం, తెలుగు ఒకదాన్నొకటి తాకే నేల ఇది. కంబ రామాయణాన్ని తెలుగు చేసిన కవి పూతలపట్టు శ్రీరాములురెడ్డి ఇంటిపేరులో ఉన్నదీ ఈ ఊరే. ఇలాంటి చోట పెద్ద రోడ్లు రావడం మంచిదే, అంబులెన్స్ తొందరగా వస్తుంది, మామిడి లారీ తొందరగా పోతుంది. ఇప్పుడు దాదాపు 260 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా మన చిత్తూరు జిల్లాలోంచే పోతోంది. అలాంటి రోడ్డు ఎక్కాలన్నా దిగాలన్నా వాళ్ళు పెట్టిన చోటే. అటుపక్క చేనుకి, ఇటుపక్క బడికి పోవాలంటే మళ్ళీ మనకి దిక్కు ఆ చిన్న దారులే. అవి మిగిలుంటేనే.

రెవెన్యూ రికార్డుల్లో డొంకలు, బండి బాటలు పోరంబోకు కింద ఉంటాయి. అంటే అవి ఏ ఒక్కరివీ కావు, అందరివీ. కానీ ఎవరూ నడవని బాటని ఎవరో ఒకరు దున్నేస్తారు. అడిగేవాళ్ళు లేకపోతే అది కాగితం మీద మాత్రమే మిగులుతుంది.

అందుకని ఈ వారం ఒక పని చేయండి. మీ ఊరి గ్రామ సచివాలయంలో సర్వేయర్‌ని అడిగి ఊరి మ్యాప్ చూడండి. అందులో డొంకలు ఎక్కడెక్కడ గీసున్నాయో ఫోటో తీసుకోండి. తర్వాత అవ్వనో తాతనో అడిగి వాటి పేర్లు రాసుకోండి. ఆదివారం పొద్దున సైకిల్ తీసుకుని ఒక్కొక్కటీ ఎంతదాకా పోతుందో తొక్కి చూడండి. ఎక్కడ ఆగిపోయిందో కింద రాయండి, ఊరి పేరుతో సహా. అన్నీ కలిపి ఒక మ్యాప్ చేద్దాం.

వచ్చే ఎపిసోడ్‌లో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటకి పోదాం. 1782 డిసెంబరులో హైదర్ అలీ చనిపోయింది అక్కడి దండు విడిదిలోనే. టిప్పు వచ్చేదాకా ఆ చావుని ఎలా దాచిపెట్టారో అప్పుడు చెప్పుకుందాం. ఉంటాను.