సంఘమిత్ర దాటిన సముద్రము

సముద్రయానము చేసిన ద్విజుడు పతితుడగునని బౌధాయన ధర్మసూత్రము శాసించినది. ఆ శాసనము ఎన్ని ఇండ్లలో ఎన్ని కన్నీళ్లకు హేతువైనదో, ఇంగ్లండునకు పోయివచ్చి ప్రాయశ్చిత్తములు చేసికొనిన పూర్వతరముల యువకుల కథలు వినినవారెరుగుదురు. అయినను గ్రంథమున నిషేధింపబడిన పనినెల్ల జనము మానివేసినదని చరిత్ర చదువువారు నమ్మరాదు. మన తూర్పుతీరపు రేవులనుండి రెండువేల యేండ్లకు పూర్వమే ఓడలు సాగినవి. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మ నేటికిని చూడవచ్చును. అట్టి ఓడప్రయాణములలో ఒక స్త్రీ చేసిన ప్రయాణమును గూర్చియు, దాని ఫలమేమైనదను విషయమును గూర్చియు ఇచట విన్నవింపదలచితిని.

గడచిన సంక్రాంతి సెలవులలో మేమెనమండుగురము సింహళమునకు పోయి యనురాధపురమును చూచి వచ్చితిమి. మా తల్లి, నా భార్య, పిల్లలిద్దరు, చరిత్రోపాధ్యాయుడైన నా మిత్రుడు, ఆయన భార్య, చెల్లెలు, నేను. చెన్నపట్టణమునుండి కొలంబో చేరుటకు విమానమున గంటన్నర చాలును. అచటినుండి అనురాధపురము సుమారు 200 కిలోమీటర్ల దూరము. దారిపొడవునను కొబ్బరితోటలు, వరిమళ్లు. విదేశము చూపెదనని తీసికొనివచ్చి కోనసీమ చూపుచున్నావేమని మా అమ్మ హాస్యమాడినది.

క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్ది మొదలుకొని క్రీ. శ. 993లో చోళసైన్యములు కొల్లగొట్టువరకు ఆ నగరము సింహళమునకు రాజధానిగా నుండినది. చూడవచ్చినవారు మొదట స్తూపములకై పరుగెత్తుదురు గాని, ముందుగా చెరువులను చూడవలెనని నా యభిప్రాయము. చెరువులు లేనిదే ఆ పొడినేలపై రాజధానియు లేదు, విహారములును లేవు. చెరువును వారు ‘వేవ’ యందురు. అయిదవ శతాబ్దిలో ధాతుసేనుడను రాజు కలావేవనుండి నగరపు తిస్సవేవకు 54 మైళ్ల కాలువ త్రవ్వించెను. అందు మొదటి 17 మైళ్లలో మైలునకు ఆరంగుళముల వాలు మాత్రమే యున్నదని కొలిచినవారు వ్రాసిరి. నేటి పనిముట్లలో నొక్కటియు లేని కాలమున ఆ వాలును సాధించిన వారి పేళ్లు ఏ శిలపైనను లేవు. నా మిత్రుడు కాలువగట్టున నిలిచి, “మాష్టారూ, మన పాఠములలో యుద్ధముల తేదీలున్నవి గాని యీ వాలు లేదే!” యనెను.

స్తూపములలో జేతవనము మహాసేనుని కాలమున ఆరంభింపబడినది. పూర్తియైననాడు దాని యెత్తు 400 అడుగులు. అప్పటికి దానిని మించిన కట్టడములు లోకమున ఈజిప్టులోని గీజా పిరమిడ్లు రెండే. తొమ్మిదికోట్ల పైచిలుకు ఇటుకలు పట్టియుండునని యంచనా వేసిరి. రువన్వెలి స్తూపము దుట్టగామణి కట్టించినది. అది సున్నపుపూతతో తెల్లగా మెరయుచు నేటికిని పూజలందుకొనుచున్నది. చంద్రశిలలు, జంటకోనేరులు, ధ్యానబుద్ధుడు మొదలగువానిని గూర్చి చిత్రపటములతో కూడిన పుస్తకములనేకములు గలవు గనుక నే నాగను.

మేమెక్కువసేపు నిలిచినది రావిచెట్టు నొద్ద. ఎత్తైన వేదికపై, బంగరుపూత కటకటాలనడుమ, కొమ్మలకు ఊతకోలలు గలిగి యున్న ఆ శ్రీమహాబోధి, బుద్ధగయలోని బోధివృక్షపు కొమ్మనుండి పెరిగినదని ప్రతీతి. ఆ కొమ్మను తెచ్చినది అశోకుని కూతురు సంఘమిత్ర. అశోకుని శాసనములలో ఆమె పేరు కానరాదు. మనకున్న యాధారము సింహళ వంశకథలే. ఆ కథలు చెప్పు విధమిది. ఆమె యన్నయగు మహేంద్రుడు సింహళమునకు వచ్చి ధర్మము బోధింపగా, రాజు తమ్ముని భార్యయైన అనులాదేవి తనకును దీక్ష యిమ్మని కోరినది. స్త్రీలకు దీక్ష యిచ్చుటకు భిక్షువులకధికారము లేదు, నా చెల్లెలిని రప్పింపుడని మహేంద్రుడు బదులు చెప్పెను. దేవానాంపియతిస్సుడు పాటలీపుత్రమునకు దూతను పంపెను. కొడుకును మనుమడును ఇదివరకే పోయిరి, నీవును పోయిన నేనెట్లు బ్రదుకుదునని అశోకుడు వాపోయెనట. అన్నమాట పెద్దది, అక్కడ దీక్షకై కనిపెట్టుకొని యున్న స్త్రీలనేకులు, నేను పోవలెనని యామె తేల్చి చెప్పినది. తామ్రలిప్తి రేవున ఓడయెక్కి, ఉత్తర సింహళమున జంబుకోలమున దిగినది. రాజు కంఠములోతు నీటిలోనికి నడచి ఆ కొమ్మ నెదుర్కొనెనని మహావంశము చెప్పుచున్నది.

ఈ కథ పిల్లలకు చెప్పుచుండగా మా అమ్మ విని, “నాయనా, చెట్టు తెచ్చిన ఆ తల్లికి గుడి యేదిరా?” యని యడిగినది. మహేంద్రునికైతే ఎనిమిదిమైళ్ల దూరమున మిహింతలే కొండ యంతయు గుడియే. 1840 మెట్లెక్కి లక్షలాది జనులు జ్యేష్ఠపూర్ణిమనాడు సేవింతురు. సంఘమిత్రకు మార్గశిరపూర్ణిమ యున్నది గాని, నగరమున ఆమె గురుతేదని విచారింపగా, థూపారామము చెంత ఇటుకలదిబ్బవంటి యొక చిన్నస్తూపమును చూపిరి. బోధివృక్షము కనుపించుచోట, థూపారామమునకు తూర్పున ఆమె దేహమునకగ్నిసంస్కారము చేసి స్తూపము కట్టిరని మహావంశవచనము. అచటికి మాతోపాటు వచ్చిన యాత్రికుడొక్కడును లేడు. మా అమ్మ చెప్పులు విడిచి చుట్టు తిరిగి, “బిడ్డను ముందే పంపి, తండ్రిని విడిచి, ఎట్లు వచ్చెనో తల్లి!” యనుకొనినది. సంఘమిత్ర కొడుకు సుమనుడు మహేంద్రుని వెంట ముందే వచ్చిన శ్రమణేరుడని ఆమె మరువలేదు.

చెట్టుకంటె గొప్పదానిని సంఘమిత్ర యచట నాటినదని నా తలంపు. అది భిక్షుణీసంఘము. అనులాదేవితో ఆరంభమైన ఆ సంఘము వేయియేండ్లకు పైగా నిలిచినది. పాళీభాషలోని ప్రాచీనతమ వంశకథయగు దీపవంశమున భిక్షుణుల పేళ్ల జాబితాలు ఎంత శ్రద్ధతో వ్రాయబడినవనగా, ఆ గ్రంథము భిక్షుణులే కూర్చియుందురని కొందరు పండితులు ఊహించిరి. అయిదవ శతాబ్దిలో వారు చీనాదేశమునకును పోయిరి. 429లో నందియను ఓడయజమానుడు కొందరు సింహళ భిక్షుణులను అప్పటి చీనా దక్షిణరాజధానికి, అనగా నేటి నాంకింగునకు, చేర్చెను. ఉపసంపదకు పదుగురు భిక్షుణులుండవలెనని నియమము, వచ్చినవారు చాలలేదు. 433లో అతడే మరికొందరిని తెచ్చెను. ఆలోపల మొదటివారు చీనాభాష నేర్చుకొనిరి. 434లో మూడువందలకు మించిన చీనాస్త్రీలు వారి సమక్షమున ఉపసంపద పొందిరి. ఈ వృత్తాంతము ఆరవ శతాబ్దిలో కూర్పబడిన చీనా భిక్షుణీచరిత్రలలో నున్నది.

మన కృష్ణాతీరమును ఈ కథకు దూరము కాదు. నాగార్జునకొండ లోయలో ‘సింహళవిహార’ మొకటి యుండెను. మూడవ శతాబ్దిలో, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ పాలనవత్సరమున, బోధిసిరి యను ఉపాసిక తామ్రపర్ణీ స్థవిరులకై చైత్యము కట్టించి, ఆ సింహళవిహారమున బోధివృక్షమునకు ప్రాసాదము నిర్మించి, పుణ్యభాగమును తన బంధువులందరికి పేరుపేరున పంచుచు శాసనము వ్రాయించినది. అదే లోయలో మహాచైత్యము నుద్ధరించినది రాజు మేనత్తయగు చాంతిసిరి. ఆ రాజు తండ్రి అశ్వమేధము చేసినవాడు. ఇంటి పురుషుడు యాగశాలలో నుండగా ఇంటి యాడువారు తమ మతమును తామెంచుకొని, తమ పేర దానములు చేయగలిగిరన్న సంగతి, ‘మన పూర్వాచారము’ పేర స్త్రీల నోరునొక్కువారు తీరికగా చదువవలసినది.

993 తరువాత అనురాధపురము పాడుపడినది. 1017లో రాజు మహింద్రుడు చోళులకు చిక్కెను. భిక్షు, భిక్షుణీసంఘములు రెండును చెదరిపోయినవి. ఆ శతాబ్దిలోనే విజయబాహువు దేశమును మరల గెలిచి చూడగా, ఉపసంపద జరిపించుటకు చాలినంతమంది భిక్షువులు దొరకలేదు. ఆయన బర్మాకు దూతలను పంపి భిక్షువులను రప్పించి సంఘమును నిలిపెను. మరల క్షీణింపగా, తెలుగు మూలముగల నాయక వంశజుడైన కీర్తిశ్రీ రాజసింహుని కాలమున, 1753లో, సియాముదేశమునుండి ఉపాలిస్థవిరుని రప్పించిరి. అట్లు పునరుద్ధరించిన సంఘము కొలదికాలమునకే అగ్రకులమువారికి తప్ప ఉపసంపద లేదని తలుపులు మూసెను. బుద్ధుని సంఘమున కులమా యని చదువరులు విస్తుపోవచ్చును. కులమునకు పోరాని చోటు లేదని మనమెరుగనిదా? దాల్చినచెక్క యొలుచు సలాగమ కులమునకు చెందిన జ్ఞానవిమలుడు 1799లో బర్మాకు బయలుదేరి, అమరపురమున ఉపసంపద పొంది వచ్చి, మరియొక నికాయమును స్థాపించెను.

పురుషులకొరకు ఇన్నిమార్లు ఓడలు కదలినవి. స్త్రీలకొరకు ఒక్క ఓడయు కదలలేదు. ఉభయసంఘముల సమక్షమున గాని స్త్రీకి దీక్ష చెల్లదు, భిక్షుణులు లేరు గనుక ఉపాయము లేదని వినయశాస్త్రజ్ఞులందురు. ఆ వాదము శాస్త్రీయమే. కాని విజయబాహువునకును చాలినంతమంది భిక్షువులు లేకపోవుటయే గదా చిక్కు! అప్పుడు విదేశమున వెదకిరి. సింహళస్త్రీలు నాటిన సంఘము చీనాలో జీవించియున్నదన్న మాట శతాబ్దుల తరబడి ఎవరికిని పనికివచ్చినట్లు కానరాదు. చోళులు కూల్చినదానికి చోళులను నిందింపవచ్చును. తొమ్మిదివందల యేండ్ల యుపేక్షకు వారు బాధ్యులు కారు.

మొదట కదలినది మరల స్త్రీయే. క్రైస్తవ కుటుంబమున పుట్టిన కేథరిన్ డి ఆల్విస్ బర్మాకు పోయి, దశశీలములు గైకొని, సుధర్మచారియను పేరుతో 1905లో తిరిగివచ్చి, 1907లో కాండీలో స్త్రీల కొక యారామము స్థాపించినది. ఆమె మార్గమున నడచినవారిని ‘దశశీలమాత’ లందురు. వారు భిక్షుణులుగా పరిగణింపబడలేదు. 1996లో సారనాథమున కొరియా సంఘమువారి సాహాయ్యముతో కొందరు సింహళస్త్రీలకు ఉపసంపద జరిగినది. 1998లో బుద్ధగయలో తైవానునుండి వచ్చిన చీనా భిక్షుణుల సమక్షమున మరికొందరికి జరిగినది. ఆ యేడే సింహళములోని దంబుల్లలోను జరిగినది. ఇది మహాయానులిచ్చిన దీక్ష, మాకు చెల్లదని అచటి స్థవిరులలో పెక్కురు త్రోసిపుచ్చిరి. దీక్ష పొందినవారు చూపిన యాధారము 434వ సంవత్సరపు చీనా చరిత్ర: మా యూరినుండి ఓడలో పోయినదే మాకు తిరిగి వచ్చినదని.