రహదారి మరణాలకు అడ్డుకట్ట.. ఏ పని ఎవరిది?

సదుం: టమోటా లోడుతో మదనపల్లె మార్కెట్‌కు, చదువులకు పుంగనూరు, పీలేరులకు, వైద్యానికి తిరుపతికి.. సదుం మండల వాసులు ఏ పనికి బయలుదేరినా పల్లె దారి దాటి పెద్ద రోడ్డెక్కాల్సిందే. మదనపల్లె, పీలేరు, తిరుపతిలను కలిపే 71వ జాతీయ రహదారి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా సాగే 42వ జాతీయ రహదారి ఈ ప్రాంతానికి జీవనాడులు. వీటిపై ప్రయాణం ఏమాత్రం అదుపు తప్పినా ప్రాణాల మీదకు వస్తోంది. 2022 మార్చి 26న రాత్రి భాకరాపేట కనుమలో బస్సు లోయలో పడి, నిశ్చితార్థానికి వెళ్తున్న ధర్మవరం వాసుల బృందంలో తొమ్మిది మంది మృతి చెందారు. 2024 సెప్టెంబరు 13న బెంగళూరు రహదారిపై మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఇలాంటి దుర్ఘటనలు అందరికీ గుర్తుంటాయి. ఒక్కొక్కరుగా పోయేవారి సంఖ్య మాత్రం ఎవరి దృష్టికీ రాదు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో దాదాపు 68 శాతం మంది ప్రాణాలు విడిచింది గ్రామీణ ప్రాంతాల్లోనే. మృతుల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. మన రాష్ట్రంలో ఆ ఏడాది ఎనిమిది వేల మందికి పైగా మరణించారు. 2030 నాటికి రోడ్డు మరణాలను సగానికి తగ్గించాలన్నది ఐక్యరాజ్య సమితి లక్ష్యం. ఇందుకు ప్రభుత్వాలు చేపట్టిన చర్యలేమిటి, వాటిలో ఏ శాఖ బాధ్యత ఎంత, ప్రజలు ఏం అడగవచ్చు అన్నది పరిశీలిద్దాం.

రోడ్డును సరిదిద్దడం

జాతీయ రహదారులపై ప్రమాదాలు తరచుగా జరిగే చోట్లను ‘బ్లాక్‌స్పాట్లు’గా గుర్తిస్తారు. 2015లో కేంద్రం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలతో కూడిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది మరణించాలి. అలాంటి చోట హెచ్చరిక బోర్డులు, ఇనుప కంచెలు, ఉప రహదారులపై వేగ నిరోధకాలు ఏర్పాటు చేస్తారు. అవసరమైతే కూడలి రూపునే మారుస్తారు. లోపభూయిష్టంగా రోడ్డు నిర్మించి మరణానికి కారణమైన సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఎ సెక్షన్‌ను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు.

ఇక్కడే పల్లెలకు ఒక చిక్కు ఉంది. పొలం దారి పెద్ద రోడ్డులో కలిసే చోట ఏడాదికి ఒకరు చనిపోయినా అది ఈ లెక్కకు అందదు. కేసు నమోదు కాకుండా పెద్దమనుషుల రాజీతో ముగిసిన ప్రమాదమైతే అసలు ఏ లెక్కలోకీ రాదు. నమోదు కాని ప్రమాదం ఉన్నచోట మరమ్మతు జరగదు, బాధితులకు పరిహారమూ దక్కదు. అందువల్ల ప్రమాదం చిన్నదైనా పోలీసులకు తెలియజేయడమే నివారణకు తొలి మెట్టు.

వేగం, మద్యం, హెల్మెట్

సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సరైన హెల్మెట్ మరణం ముప్పును సుమారు 40 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలు తేల్చాయి. 2022లో దేశంలో హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. నడిపేవారే కాక వెనుక కూర్చున్నవారు, నాలుగేళ్లు దాటిన పిల్లలూ హెల్మెట్ ధరించాలని చట్టం చెబుతోంది.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలతో శిక్షలు కఠినమయ్యాయి. మద్యం తాగి నడిపి తొలిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మైనరుకు బండి ఇచ్చి అతడు నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా తప్పవు. ఆ వాహనం రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది.

తొలి గంటే కీలకం

ప్రమాదం జరిగిన తొలి గంటలో వైద్యం అందితే బతికే అవకాశాలు పెరుగుతాయి. ఈ విషయంలో తెలుగు నేలే దేశానికి దారి చూపింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ తర్వాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. మన రాష్ట్రంలో 2020 జులై 1న 1,088 కొత్త 108, 104 వాహనాలను ప్రారంభించారు.

క్షతగాత్రులను ఆదుకుంటే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం పల్లెల్లో ఇంకా పోలేదు. ఆ భయం అక్కర్లేదు. సహాయకులను వేధించరాదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో ఆమోదముద్ర వేసింది. 2019 సవరణలోని 134ఎ సెక్షన్ వారికి చట్టపరమైన రక్షణ కల్పించింది. పేరు, చిరునామా చెప్పాలని ఎవరూ బలవంతం చేయరాదు.

ఖర్చుకు జంకి ఆలస్యం చేయాల్సిన పనీ లేదు. 2025 మే 5న కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల మేరకు వైద్యం అందిస్తారు. ఢీకొట్టిన వాహనం ఆచూకీ తెలియకపోతే మృతుల కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50 వేల పరిహారం ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇందుకు విచారణాధికారిగా వ్యవహరించే రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి.

ఎవరిని అడగాలి?

జిల్లాలో రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టర్ అధ్యక్షత వహిస్తారు. పోలీసు, రవాణా, ఇంజినీరింగ్ శాఖల అధికారులు ఇందులో ఉంటారు. రాష్ట్ర, జిల్లా రహదారుల బాధ్యత రోడ్లు భవనాల శాఖది, పల్లె రోడ్లు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. జాతీయ రహదారిపై సమస్యలను 1033కు ఫోన్ చేసి తెలపవచ్చు. అత్యవసరంలో అంబులెన్సుకు 108, పోలీసులకు 112.

మలుపు వద్ద ముళ్ల కంపలు దారిని కమ్మేసినా, కూడలిలో దీపం వెలగకపోయినా, కంచె విరిగినా గ్రామసభలో తీర్మానం చేయించి సంబంధిత శాఖకు పంపవచ్చు. ఆ చోట జరిగిన ప్రమాదాల తేదీలు, కేసుల వివరాలు జతచేస్తే అర్జీకి బలం చేకూరుతుంది. మరో ప్రాణం పోయాక జరిగే మరమ్మతు కంటే ముందుగా ఇచ్చే ఒక్క అర్జీ మేలు.