వేటజాగిలాల పోషణ: దక్షిణ భారత జాతులు

వేటలో మనిషికి తోడుండేందుకు తరతరాలుగా ఎంపిక చేసి పెంచుతూ వచ్చిన కుక్కను వేటజాగిలం అంటారు. చేసే పనిని బట్టి వీటిలో రకాలున్నాయి. కొన్ని నేల వాసన పట్టి జాడ తీస్తాయి. కొన్ని కదలికను కంటితో పసిగట్టి పరుగెత్తి పట్టుకుంటాయి. కొన్ని అడవిపంది వంటి మొండి జంతువును చుట్టుముట్టి, వేటగాడు వచ్చేదాకా కదలనివ్వవు. దక్కను పీఠభూమిలోనూ దక్షిణ తమిళనాడులోనూ పేరుపడిన జాతుల్లో ఎక్కువ భాగం రెండో రకానివి. చెట్లు పలచగా ఉండి కంటిచూపు దూరం పోయే మెట్టనేలల్లో కుందేలును పట్టడానికి ముక్కు కన్నా కన్ను, దమ్ము కన్నా వేగం ముఖ్యం. ఈ కుక్కల ఒంటి నిర్మాణం, స్వభావం, వాటికొచ్చే రోగాలు, వాటిని పోషించే పద్ధతి అన్నీ ఈ పనితోనే ముడిపడి ఉన్నాయి. ఆ పనిని చట్టం నిషేధించి అర్ధ శతాబ్దం దాటినా కుక్క ఒంట్లో అది అలాగే ఉంది. నేడు వేటజాతి కుక్కను పెంచడంలోని చిక్కు అంతా ఈ రెంటి మధ్యనే ఉంది.

ఈ జాతుల్లో ఎక్కువ పేరున్నది ముధోల్. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పట్టణం పేరే దానికి వచ్చింది. మహారాష్ట్రలోనూ కుక్కల సంఘాల పట్టికల్లోనూ కారవాన్ హౌండ్ అని పిలిచేది దీన్నే. ముధోల్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే వంశంలోని మాలోజీరావు వీటి పెంపకాన్ని ప్రోత్సహించాడనీ, బ్రిటన్ రాజు ఐదవ జార్జికి ఒక జతను కానుకగా ఇచ్చాడనీ ప్రసిద్ధి. తమిళనాడులోని రాజపాళయం కుక్కకు తెలుగువారితో దగ్గరి బంధమే ఉంది. విజయనగర కాలం తర్వాత తెలుగు నేల నుంచి వెళ్లి ఆ ఊళ్లో స్థిరపడిన రాజులే దాన్ని పెంచి పోషించిన వారిలో ముఖ్యులు. తెల్లని ఒళ్లు, గులాబీ రంగు ముక్కు దాని గుర్తులు. అడవిపంది వేటకు, తోట కాపలాకు దాన్ని వాడేవారు. కుందేలు వేటకు చిప్పిపారై, కన్ని జాతులు, పంది వేటకు కొంబై పేరుపడ్డాయి. ఆంధ్ర తీరంలో కొల్లేరు పరిసరాల్లో కనిపించే జొనంగి చిన్న జంతువుల వేటకూ బాతుల మందలను తోలడానికీ పనికొచ్చేది. కర్నూలు జిల్లా పందికోన కుక్కలు కాపలాకూ వేటకూ పేరు తెచ్చుకున్నాయి. 2005లో తపాలా శాఖ భారతీయ జాతి కుక్కలపై విడుదల చేసిన బిళ్లల్లో ముధోల్, రాజపాళయం రెండింటికీ చోటు దక్కింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలామంది అనుకునేదాని కన్నా విశాలమైనది. చంపడం, విషం పెట్టడం మాత్రమే కాదు, ఉచ్చు వేయడం, తోలడం, ఎర పెట్టడం, కుక్కలతో తరిమించడం కూడా వేటే. ప్రయత్నించి విఫలమైనా వేటే. 1991 సవరణతో వినోద వేటకు మిగిలిన దారులూ మూసుకుపోయాయి. మనుషుల ప్రాణానికో, పంటకో ముప్పు తెచ్చే జంతువు విషయంలో నిర్ణీత అధికారి అనుమతి ఇవ్వవచ్చు గానీ, ఆ అనుమతి కుక్క యజమానికి దానంతట అది సంక్రమించే హక్కు కాదు. సెలవు రోజున చేలగట్ల మీద చెవులపిల్లి మీదికి కుక్కను ఉసిగొల్పి, దొరకలేదు కదా అని తేలిగ్గా తీసుకునేవారు తాము చేసినది నేరమని తెలుసుకోవాలి.

వేట పోయింది కాబట్టి వేటకుక్క ఇక మామూలు పెంపుడు కుక్కే అనుకోవడం ఇక్కడ జరిగే మొదటి తప్పు. ఇంటి ముందు గొలుసుకు కట్టి, రెండు పూటలా అన్నం పెడితే దాని బాధ్యత తీరినట్టే అనుకుంటారు. చట్టం మాత్రం అలా అనుకోలేదు. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం పదకొండో సెక్షన్ క్రూరత్వాలను ఏకరువు పెడుతూ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకపోవడాన్ని విడిగా, కుక్క పేరెత్తి మరీ చేర్చింది. అన్ని కుక్కలకూ వర్తించే ఈ నియమం వేటజాతి విషయంలో మరింత బరువైనది. చంపే అవకాశాన్ని కుక్కకు ఇవ్వనక్కర లేదు, ఇవ్వకూడదు. ఆ చంపడానికి ముందున్న పరుగు, చూపు, మనిషితో కలిసి పనిచేయడం అనే మూడింటినీ మాత్రం వేరే దారిలో సమకూర్చి తీరాలి. అది చేయలేనివారికి ఈ జాతిని పెంచే అర్హత లేదు.

ఈ మాట ఎందుకు అనాల్సి వస్తుందో ఆ కుక్క ఒళ్లే చెబుతుంది. లోతైన ఛాతీ, లోనికి పోయిన కడుపు, సన్నని నడుము, పొడవాటి తల, ఒంట్లో అతి తక్కువ కొవ్వు. పూర్తి వేగంలో ఒక్కో అంగకు రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలను వదిలే పరుగు వీటిది. ఈ కోవలో ఎక్కువ పరిశోధన జరిగిన గ్రేహౌండ్‌లో ఎర్ర రక్తకణాల శాతం ఇతర కుక్కల కన్నా ఎక్కువ, థైరాయిడ్ హార్మోన్ తక్కువ. ఇవి రోగ లక్షణాలు కావు, ఆ కోవకు సహజం. ఇది తెలియకపోతే రక్తపరీక్ష చూసి లేని జబ్బుకు మందు వాడే ప్రమాదం ఉంది. థయోపెంటాల్ వంటి మత్తుమందు గ్రేహౌండ్ ఒంట్లో నెమ్మదిగా విరుగుతుంది కాబట్టి, శస్త్రచికిత్సకు తీసుకెళ్లిన యజమాని తన కుక్క ఏ కోవదో వైద్యుడికి ముందే చెప్పాలి. ఇలాంటి ఒళ్లు పగలంతా పడుకుని, కొద్దిసేపు ప్రాణం పెట్టి పరుగెత్తడానికి తయారైనది. మెడకు పట్టీ వేసి వీధిలో అరగంట నడిపిస్తే మంచిదే, కానీ దానితో పరుగు అవసరం తీరదు. చుట్టూ కంచె ఉన్న ఖాళీ స్థలంలో వారానికి కొన్నిసార్లైనా విడిచిపెట్టాలి. తాడుకు గుడ్డముక్కో, బొచ్చు తోలు ముక్కో కట్టి వేగంగా లాగితే, కళ్లతో వేటాడే కుక్క దాన్నే కుందేలుగా తరుముతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇది నియమాలున్న క్రీడగా ఎదిగింది.

అయితే పరుగు పెట్టించడంలోనూ హద్దు తెలియాలి. పెద్ద జాతుల్లో ఎముకల చివర్లు పూర్తిగా గట్టిపడటానికి ఏడాది పైగా పడుతుంది. అంతకు ముందు మోటారు సైకిలు వెంట కుక్కపిల్లను పరుగెత్తించేవారు దాని కీళ్లను చేజేతులా పాడు చేస్తున్నారు. మన నేలలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఎండ. కుక్కకు అరికాళ్లలో తప్ప దాదాపు ఎక్కడా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే అది ఒళ్లు చల్లార్చుకునే దారి. మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ఒంటి వేడి, తీవ్రంగా పరుగెత్తినప్పుడు చాలా త్వరగా పెరుగుతుంది. 41 దాటితే ప్రాణాపాయం. ఆశ కొద్దీ తరిమే కుక్క తనంతట తాను ఆగదు, ఆపాల్సింది యజమానే. వేసవిలో తెల్లవారకముందో, పొద్దు గూకాకో మాత్రమే వదలాలి. ఆపకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోసి, గాలి తగలనిచ్చి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు ముప్పు ఎక్కువ. కడుపునిండా తిన్న వెంటనే పరుగు వద్దనీ, ఒక్కసారే ఎక్కువ పెట్టే బదులు రెండు మూడు పూటలుగా పెట్టమనీ వైద్యులు చెప్పేది అందుకే.

ఆకలితో ఉంచితేనే కుక్క బాగా వేటాడుతుందన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. తరమడం ఆకలి వల్ల పుట్టేది కాదు, కదలికను చూడగానే మేలుకునే స్వభావం. కడుపు నిండిన కుక్క కూడా బంతి వెంట పరుగెత్తడమే అందుకు సాక్ష్యం. ఆకలితో మిగిలేది కరిగిపోయిన కండ, ఆలస్యంగా మానే గాయం. అలాగని బొద్దుగా చేయడమూ మేలు కాదు. ఈ కోవ కుక్కలకు చివరి పక్కటెముకలు లీలగా కనిపించడం ఆరోగ్యమే. అది తెలియని బంధువులు పెట్టడం లేదా అని అడిగితే కంగారుపడి మోతాదు పెంచనక్కర లేదు. జొన్న, రాగి సంకటి, మజ్జిగల మీదే పెరిగిన కుక్కలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటికి గుడ్డు, మాంసం, చేప రూపంలో మాంసకృత్తులు తోడైతేనే కండ నిలుస్తుంది. అడవిపంది పచ్చిమాంసం మాత్రం పెట్టకూడదు. పరాన్నజీవులు అలా ఉంచి, పందుల నుంచి వచ్చే ఆజెస్కీ వ్యాధి ఐరోపాలో వేటకుక్కలను చంపుతున్నట్లు నమోదైంది. ఆ వ్యాధి సోకిన కుక్క బతకదు.

పొలాల్లో తిరిగే కుక్కకు మన వాతావరణంలో పిడుదులే ప్రధాన శత్రువు. ఎర్లీషియా, బబీసియా అనే రక్తవ్యాధులు వాటి ద్వారానే వస్తాయి. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం వీటి లక్షణాలు. ఎలుకలు తిరిగే మురుగునీటి నుంచి లెప్టోస్పైరా సోకుతుంది, ఇది మనిషికీ వస్తుంది. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, వైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయిస్తూ ఉండాలి. డిస్టెంపర్ టీకా కుక్క కోసం మాత్రమే కాదు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలు ఈ వ్యాధి బారిన పడి చనిపోయాయి. అది పెంపుడు కుక్కల నుంచే పాకి ఉంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. 2018లో గుజరాత్‌లోని గిర్ సింహాల మరణాల్లోనూ ఈ వైరస్ బయటపడింది. టీకా లేని కుక్కను అడవి అంచుల్లో వదలడం అంటే, అది ఒక్క జంతువును కూడా కరవకపోయినా, అడవికి హాని చేయడమే.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది పెంపకందారులలో కొందరు అనేది. వేట లేకపోతే జాతి చెడిపోతుంది, నిజమైన వేటలోనే మంచి కుక్క తేలుతుంది, వేట ఉన్నచోటే యజమాని కుక్కకు విలువ ఇస్తాడు. ఇందులో సగం నిజం ఉంది. అందం చూసి మాత్రమే జత కట్టిస్తే తరాల మీద పనితనం పోతుంది. అయితే పనితనాన్ని కొలవడానికి ప్రాణం తీయనక్కర లేదు. పరుగు పోటీలు, జాడ తీసే పరీక్షలు, శిక్షణకు లొంగే తీరు దానికి చాలు. 2016లో మీరట్‌లోని సైన్యపు పశువైద్య కేంద్రం ముధోల్ పిల్లలను తీసుకుని శిక్షణ ఇవ్వడం ఇలాంటి మరో దారి. ఇది మనకు కొత్త కూడా కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం కుక్కలున్న వేటగాళ్లను పచ్చిక నేలల కాపలాకు, శత్రువుల రాకను తెలపడానికి నియమించమంది. ఇక వేట ఉంటే విలువ ఉంటుందన్న మాటకు స్పెయిన్ గట్టి సమాధానం. అక్కడ గాల్గో అనే కుక్కలతో కుందేళ్ల వేట నేటికీ చట్టబద్ధం. అయినా వేట రుతువు ముగియగానే పనికిరావనుకున్న వాటిని వీధుల్లో వదిలేయడం ఆ దేశానికి తీరని మచ్చగా మిగిలింది. 2023లో అక్కడ తెచ్చిన జంతు సంక్షేమ చట్టం వేటకుక్కలను తన పరిధి నుంచి తప్పించింది. వేట ఉన్నంత మాత్రాన కుక్కకు రక్షణ దొరకదు. దాని బతుకంతటికీ బాధ్యత వహించే యజమానే దానికి రక్షణ.

రెండో అభ్యంతరం జంతుప్రేమికుల నుంచి వస్తుంది. తరమడమే స్వభావమైన కుక్కను ఆ పని చేయనివ్వకుండా పెంచడం హింసే కదా, ఈ జాతులను కొనసాగించడం ఎందుకు అని. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ముధోల్‌ను చూసినప్పుడు అది న్యాయమే అనిపిస్తుంది. కానీ స్వభావం మొత్తాన్నీ చంపడంతో సమానం చేయడం సరి కాదు. తోడేలు వేటలోని వెతకడం, తరమడం, పట్టడం, చంపడం, తినడం అనే వరుసలో మనిషి ఒక్కో జాతికి ఒక్కో అంచెను పెంచి, మరొకదాన్ని తగ్గించాడు. గొర్రెలను తోలే కుక్క తరమడం దగ్గరే ఆగిపోతుంది, అయినా లోటుతో బతకదు. చూపుతో వేటాడే కుక్కకు సంతృప్తి ఎక్కువగా పరుగులోనే ఉందని గుడ్డముక్క వెంట పడే తీరు చూపిస్తుంది. అయితే దానికి చిన్నప్పటి నుంచి పిలిస్తే వచ్చే అలవాటు నేర్పాలి. తరుముతున్నప్పుడు పిలుపు చెవికెక్కదు కాబట్టి, కంచె లేనిచోట, ముఖ్యంగా నేల మీద గూడు పెట్టే పిట్టలు, జింకలు ఉండే గడ్డి నేలల్లో, పట్టీ విప్పకూడదు. ఇంటి పిల్లితో, కోళ్లతో పసితనం నుంచే కలిపి పెంచినా, యజమాని లేనప్పుడు నమ్మి వదలడం తెలివి కాదు.

2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దేశీ జాతి కుక్కలను పెంచుకోమని చెప్పాక ముధోల్, రాజపాళయం, చిప్పిపారై పేర్లు దేశమంతటా మారుమోగాయి. ఆ పిలుపులోని ఉద్దేశం మంచిదే. గిరాకీ పెరిగినచోట నాసిరకం పెంపకమూ పెరుగుతుంది. తెల్లని కుక్కల్లో లోపలి చెవికి అవసరమైన రంగు కణాలు లేక పుట్టుచెవుడు వచ్చే అవకాశం ఉంది, రాజపాళయంలో ఇది తెలిసిన సమస్యే. కుక్కపిల్లను కొనేవారు చెవుల పరీక్ష గురించి అడగాలి, తల్లిని చూడాలి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, ఆడకుక్కకు ఏడాదిన్నర నిండకుండా జత కట్టించకూడదు. ఈ జాతి కుక్క పన్నెండేళ్ల పాటు మీతో బతకవచ్చు. రోజూ తెల్లవారుజామున లేచే ఓపిక, పరుగెత్తించే కంచె నేల, ముసలితనంలో వైద్యం చేయించే స్తోమత మూడూ ఉంటేనే తెచ్చుకోండి, లేకపోతే మన వీధి కుక్కపిల్లనే ఇంటికి తీసుకెళ్లండి.