ఒకటి సీదా, ఒకటి ఉల్టా

పోయిన కార్తీకంలో బోధన్ వెళ్లినప్పుడు నా బ్యాగులో రెండు వెదురు సూదులు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న నాలుగు ఊలు ఉండలు ఉన్నాయి. ఆఫీసు అయ్యాక ఫోన్ పక్కన పడేసి చేతులతో ఏదన్నా చేద్దామని వీడియోలు చూసి అల్లిక మొదలుపెట్టాను. మఫ్లర్ అనుకున్నది జానెడు పెరిగేసరికి కింద వెడల్పుగా, పైన ఇరుకుగా తయారైంది. పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, అంచు మీద వేలితో లెక్కపెట్టింది. "నడుమల మూడు కుట్లు జారగొట్టినవ్ బిడ్డా" అని, నన్ను అడక్కుండానే సగం దాకా విప్పేసింది.

ఆమె సూదులు పట్టి ఇరవై ఏళ్లు దాటింది. అయినా "ఒకటి సీదా, ఒకటి ఉల్టా" అని పెదాలు కదుపుతుంటే వేళ్లు వాటంతట అవే నడిచాయి. ఆ సీదా, ఉల్టాలు పక్కింట్లో అద్దెకున్న ఉత్తరాది ఆవిడ దగ్గర నేర్చుకున్నవట. వాళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. పనికొచ్చినవి ఆ రెండు మాటలే.

పెద్దమ్మ అల్లికకు ఒక క్యాలెండర్ ఉండేది. బతుకమ్మ పోయి, దీపావళి దాటితేగాని ట్రంకు పెట్టెలోంచి సూదులు బయటికి వచ్చేవి కావు. అంతకుముందు అయితే చేతులకు చెమట పట్టి ఊలు సూదికి అతుక్కుంటుంది, కుట్టు జరగదు. మార్గశిరం, పుష్యం గట్టిగా సాగేది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆమె అల్లిక కూడా అప్పుడే పోయేది. సగంలో ఆగిన స్వెటర్‌ను పాత చీర ముక్కలో చుట్టి, ఎండిన వేపాకు వేసి మళ్లీ పెట్టెలో పెట్టేది. మే నెలలో 45 డిగ్రీల దాకా కాసే జిల్లా మాది. ఇలాంటి చోట స్వెటర్ అల్లాలన్న ఆలోచన ఎలా వచ్చింది, ఎవరికి వచ్చింది అన్న ప్రశ్న నాకు అక్కడే పుట్టింది.

చలి మాకు కొత్త కాదు. దాన్ని ఆపే బట్ట కూడా కొత్త కాదు. నిజామాబాద్ ఇంకా ఇందూరుగా ఉన్న రోజుల నుంచీ ఈ ప్రాంతంలో ఆ పని చేసింది గొంగడి. కురుమలు పెంచే దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంట మగ్గం మీద నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. ఆ ముతక ఉన్ని వాన నీటిని అంత తొందరగా లోపలికి రానివ్వదు. అందుకే గొర్రెల వెంట పోయే మనిషికి అది వానకు గొడుగు, ఎండకు నీడ, రాత్రికి పక్క. బీరప్ప పండుగలో పరిచేదీ అదే. మన నోళ్లలో ఎన్ని సామెతల్లో అది పరుచుకొని ఉందో చూడండి. ఏ మార్పూ రాని చోటును "ఎక్కడ వేసిన గొంగడి అక్కడే" అంటాం.

అయితే గొంగడి ఉన్ని వేరు, పెద్దమ్మ ఊలు వేరు. తెలుగులో ఈ రెండు మాటలు రెండు దారుల్లో వచ్చాయి. ఉన్ని సంస్కృతం 'ఊర్ణ' నుంచి ప్రాకృతం మీదుగా దిగిన పాత మాట. ఊలు ఇంగ్లీషు 'వుల్'. గొర్రె మీద ఉన్నంతసేపూ ఉన్ని, దుకాణంలో రంగురంగుల ఉండగా దొరికితే ఊలు. పెద్దమ్మ వాడిన ఊలులో చాలావరకు గొర్రె వెంట్రుకే లేదు, అది అక్రిలిక్. ఊళ్లో గొర్రెల మందలున్నా, ఆ ముతక నల్ల ఉన్నితో పసిపిల్లకు స్వెటర్ అల్లాలని ఎవరికీ తోచలేదు. గొంగడి ఒక కులం వృత్తి. స్వెటర్ 'కుట్లు-అల్లికలు' అన్న పాఠం.

ఆ పాఠం చాలా దూరం నుంచి వచ్చింది. ఇప్పుడు దొరుకుతున్న అతి పాత అల్లిక వస్తువుల్లో ముఖ్యమైనవి ఈజిప్టులో బయటపడ్డ మధ్యయుగాల మేజోళ్లు. అక్కడి నుంచి అది యూరప్‌కు పాకింది. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. యంత్రం వచ్చాక చేతి అల్లిక మెల్లమెల్లగా ఇంటి ఆడవాళ్ల పనితనం కిందికి మారింది. మిషనరీల వెంట సూదిపని మన దేశంలో ఆడపిల్లల బడుల్లోకి వచ్చింది. తెలుగు నేలలో దాని పెద్ద కథ నర్సాపురంలో ఉంది. 19వ శతాబ్దం మధ్యలో మిషనరీలు అక్కడ నేర్పిన క్రోషా లేసు, గోదావరి పల్లెల్లో వేలాది ఇళ్లకు చేరి విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకైంది.

బోధన్‌కు స్వెటర్ రావాలంటే ఇంకొకటి కావాలి, తీరిక. ఆ తీరిక చాలావరకు మంజీర నీళ్లలోంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతాన్ని మార్చేసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. కాలువ కింద చెరకు, వరి పెరిగాయి. కోస్తా రైతులు వచ్చి భూములు కొనుక్కొని కట్టుకున్న ఊళ్లకు ఇప్పటికీ 'క్యాంపు' అన్న తోక ఉంది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా దాన్ని చెప్పుకునేవారు. చెరకు బండ్లతో పాటే నెల జీతం, క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, ఎక్కడెక్కడి నుంచో బదిలీ మీద వచ్చే కుటుంబాలు వచ్చాయి. పెద్దనాన్న ఫ్యాక్టరీ మనిషి కాదు, బడిపంతులు. కానీ ఆ ఊరి తీరు వీళ్ల గల్లీకీ అంటింది.

బోధన్‌లో 'సీజన్' అంటే వానాకాలమో ఎండాకాలమో కాదు, చెరకు గానుగాడే కాలం. కార్తీకం ప్రాంతంలో మొదలై ఎండలు ముదిరేదాకా నడిచేది. పెద్దమ్మ సూదుల సీజన్, ఫ్యాక్టరీ సీజన్ ఇంచుమించు ఒకేసారి తెరుచుకునేవి. పొద్దున ఎండ పొడ పడే అరుగు మీద మొలాసిస్ వాసన పీలుస్తూ అల్లేదాన్నని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్నది సంతోషమే. దాన్ని నేను తక్కువ చేయలేను.

కానీ ఆ గల్లీలోనే, ఎదురు అరుగు మీద ఇంకొకామె కూర్చునేది. ఆమె ఒళ్లో చాట. చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. నిజామాబాద్ జిల్లాలో బీడీ చుట్టని వాడ వెతకాలంటే కష్టం. ఇద్దరి చేతులూ పొద్దంతా ఆడేవి. ఇద్దరూ పిల్లాడు ఏడిస్తే కింద పెట్టి, పాలు పొంగితే లేచి, మళ్లీ వచ్చి కూర్చునేవారు. ఒక చలికాలం పెద్దమ్మ ఆమెను పిలిచిందట, "రారాదు, నీక్కూడ నేర్పిస్త, నీ కొడుక్కు నువ్వే అల్లుకుందువు" అని. ఆమె చేతులు ఆపకుండానే అన్నదట: "అల్లుడు రాకేం గాదమ్మా. ఏళ్లు ఆగితె నా లెక్క ఆగుతది."

ఆ లెక్క వెయ్యిది. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని. చేయి తిరిగినవాళ్లకు కూడా వెయ్యి దాటాలంటే రోజంతా పట్టే పని. అందులో ఆకు బాగాలేదనీ, చుట్టు వదులైందనీ కొన్ని తీసి పక్కన పెడతారు.

ఎక్కడంటే అక్కడ ఆపి మళ్లీ అందుకోగలిగిన పని ఇంటి ఆడవాళ్లకే వస్తుంది. అలా ఆపగలిగిన పనిని పని అని ఒప్పుకోవడం చాలా కష్టం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు ఆడవాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను 'ఖాళీ వేళల్లో ఏదో చేసుకునే గృహిణులు'గా చూశారనీ, ఆ చూపు వల్లే కూలి అంత తక్కువగా ఉండగలిగిందనీ ఆమె వాదన. బీడీ విషయంలో చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం, యజమాని ఇచ్చిన ఆకు, తంబాకులతో ఇంట్లో కూర్చొని చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగానే లెక్కించింది. కాగితం మీదైనా సరే, అది చిన్న సంగతి కాదు. ఎదురింటామె చేసేది పని అని పార్లమెంటు ఒప్పుకుంది. పెద్దమ్మ చేసేదాన్ని మాత్రం ఇంట్లో కూడా 'టైంపాస్' అనే అన్నారు.

"మరి ఎందుకు ఆపేసినవ్ పెద్దమ్మా?" అని అడిగాను.

"లూధియానా స్వెటర్లు వచ్చినయి గద. రోడ్డు మీద కుప్పలు పోసి అమ్మిన్రు. నా ఊలుకే అంతకంటె ఎక్కువైతుండె. మీ పెద్దనాన్న అన్నడు, గింత కష్టం దేనికి, కొనుక్కుంటె అయిపాయె అని."

ఆ రోడ్డు పక్క అమ్మకాలకు కూడా చరిత్ర ఉంది. 1959 తర్వాత మన దేశానికి వచ్చిన టిబెటన్ కుటుంబాల్లో చాలామందికి చలికాలం స్వెటర్ల అమ్మకమే బతుకుదెరువు. లూధియానా మిల్లుల సరుకు ఎత్తుకొని ఊరూరా తిరిగారు. దేశం పోగొట్టుకున్నవాళ్లు మా ఊళ్లో చలికి బట్ట అమ్మారు. అక్కడ ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ స్వెటర్‌కు ధర తెలిసిన రోజున పెద్దమ్మ అల్లికకూ లెక్క వచ్చిపడింది. అప్పటిదాకా ఆ పనికి ఎవరూ కూలి కట్టలేదు, వచ్చాక మాత్రం దండగ ఖాతాలో రాశారు.

గొంగడికీ అంతే జరిగింది. మాంసానికి నెల్లూరు గొర్రె లాభమైంది, దానికి ఉన్ని ఉండదు. దక్కనీ గొర్రె తగ్గేకొద్దీ మగ్గాలు తగ్గాయి. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబర్‌లో లే ఆఫ్‌తో మూతపడింది. ఇప్పుడు బోధన్‌లో కార్తీకం వస్తుంది, చలి వస్తుంది, ఆ పాత సీజన్ రాదు. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే లేదు. ఎదురు అరుగు మీద బీడీ చాట మాత్రం ఇంకా ఉంది. కూర్చున్నది ఆమె కోడలు.

నాలాంటివాళ్లు ఇప్పుడు మళ్లీ సూదులు పట్టుకుంటున్నారు. మనసు కుదుటపడుతుందని చెబుతాం, నిజమే పడుతుంది. నా ఊలు ఖరీదుకు దుకాణంలో మూడు మఫ్లర్లు వస్తాయి, అయినా మా ఇంట్లో ఎవరూ లెక్క అడగరు. వేళ్లు ఆపినా లెక్క ఆగని జీతం ఉంది కాబట్టి నాకు ఇది సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని వదులుకోవాలని నాకు లేదు. అది దేని మీద నిలబడిందో మాత్రం తెలిసి అల్లాలనుకుంటున్నాను.

పెద్దమ్మ విప్పిన దాన్ని సరిచేసి, నాలుగు వేళ్లంత పెంచి నా చేతిలో పెట్టింది.

"గిది ఎవ్వరికి?"

"నాకే."

ఆమె కొంచెంసేపు నా వైపు చూసింది. పిల్లలకు, మరుదులకు, మనుమలకు అల్లిందట, అన్నేళ్లలో తనకోసం ఒక్కటీ అల్లుకోలేదట. ఆ సంగతి ఆమెకు కూడా అప్పుడే తట్టినట్టుంది.

"ఇంకో జత సూదులు తెచ్చినవా?" అని అడిగింది.