నెట్‌వర్క్ పోర్టుల పేర్లు: పుట్టుపూర్వోత్తరాలు

ఒక కంప్యూటరుకు రెండు నెట్‌వర్క్ పోర్టులుంటే వాటిలో ఏది మొదటిదో, ఏది రెండోదో తేల్చి పేరు పెట్టేది ఆపరేటింగ్ సిస్టమ్. ల్యాప్‌టాప్ వాడేవారికి ఇది పట్టదు. ఫైర్‌వాల్‌గా పనిచేసే సర్వర్‌కు మాత్రం ఇదే ప్రాణం. దానికి ఒక కేబుల్ ఇంటర్నెట్ నుంచి, మరొకటి ఆఫీసు లోపలి నుంచి వస్తాయి. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న నియమాలను పోర్టు పేరు మీదే రాస్తారు. పేర్లు తారుమారైతే బయటివారిని ఆపాల్సిన నియమం లోపలివారి మీద పడుతుంది.

1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో డ్రైవర్ పేరు పక్కన సున్నాతో మొదలయ్యే అంకె చేర్చేవారు. ఫ్రీబీఎస్‌డీలో ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఇంటెల్ కార్డులకు ఈఎం0, రియల్‌టెక్ కార్డులకు ఆర్ఈ0 వంటి పేర్లు అలా వచ్చినవే. 1991లో మొదలైన లైనక్స్ వేరే దారి పట్టింది. ఏ కంపెనీ ఈథర్‌నెట్ కార్డయినా ఈత్‌0, ఈత్‌1 అని ఒకే వరుసలో పిలిచింది. కార్డు కంపెనీ మారినా సెట్టింగులు మార్చే పని లేకపోవడం ఇందులోని సుఖం. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు ముందు కనిపించిన కార్డే ఈత్‌0 కావడం ఇందులోని చిక్కు.

తొలినాళ్లలో ఆ వరుస మనిషి చేతిలోనే ఉండేది. బూట్ సమయంలో కార్డు అంతరాయ సంఖ్యను (ఐఆర్‌క్యూ), ఐ/ఓ పోర్టు చిరునామాను కెర్నెల్‌కు చెప్పి ఫలానా కార్డును ఈత్‌1 చేయమనవచ్చు. తర్వాత డ్రైవర్లు విడి మాడ్యూళ్లయ్యాక, వాటిని ఏ వరుసలో ఎక్కించాలో ఒక ఫైల్‌లో రాసేవారు. యూఎస్‌బీ కార్డులు, నడుస్తున్న యంత్రానికే తగిలించే పరికరాలు వచ్చి, డ్రైవర్లు ఏకకాలంలో లోడ్ కావడం మొదలయ్యాక ఆ పట్టు జారిపోయింది. నిన్నటి ఈత్‌0 ఈ రోజు బూట్‌లో ఈత్‌1 కావచ్చు.

దీనికి మొదటి విరుగుడు మ్యాక్ అడ్రస్. ప్రతి ఈథర్‌నెట్ కార్డుకూ తయారీలోనే 48 బిట్ల సంఖ్య వేస్తారు. దాన్ని పేరుతో జతచేసే నేమ్ఇఫ్ వంటి పనిముట్లు వచ్చాయి. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మొదలుపెట్టిన, లైనక్స్‌లో పరికరాలను చూసుకునే యూడెవ్ తర్వాతి రోజుల్లో ఈ పనిని తానే చేపట్టింది. కొత్త కార్డు కనబడగానే దాని మ్యాక్ అడ్రస్‌ను, పేరును ఒక నియమాల ఫైల్‌లో రాసుకునేది. అయితే పాడైన కార్డు తీసి కొత్తది పెడితే, ఈత్‌0 పేరు పోయిన కార్డుకే ఉండిపోయి కొత్తదానికి ఈత్‌1 దక్కేది. వర్చువల్ మెషీన్‌ను కాపీ చేసినా ఇదే తంతు. పైగా కెర్నెల్ ఈత్ పేర్లు పంచుతుండగానే యూడెవ్ అవే పేర్లను మార్చబోవడంతో రెండింటికీ పోటీ పడేది.

అప్పుడు చూపు కార్డు ఉన్న చోటు మీదికి మళ్లింది. డెల్ కంపెనీ రూపొందించిన బయోస్‌డెవ్‌నేమ్ 2011లో ఫెడోరా 15లో చేరింది. మదర్‌బోర్డు పోర్టుకు ఈఎం1, రెండో స్లాట్‌లోని కార్డు మొదటి పోర్టుకు పీ2పీ1 అని పేరు పెట్టేది. 2013 జనవరిలో, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 197వ విడుదల ఈ ఆలోచనను స్థిరపరిచింది. బోర్డు మీది పోర్టయితే ఈఎన్ఓ1, స్లాట్ సంఖ్య తెలిస్తే ఈఎన్ఎస్1, అదీ లేకపోతే పీసీఐ బస్ దారిని బట్టి ఈఎన్‌పీ2ఎస్0. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 (2014), ఉబుంటు 15.10 (2015), డెబియన్ 9 (2017) దీన్ని స్వీకరించాయి.

చోటును బట్టి పెట్టిన పేరుకూ ఒక బలహీనత ఉంది. ఒక ఊరి చిరునామానే చూడండి. కామారెడ్డి జిల్లాలోని పెద్ద కొడప్‌గల్ 2016 అక్టోబరు వరకు నిజామాబాద్ జిల్లా పిట్లం మండలంలోని ఊరు. జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జిల్లా పేరు మారింది, మండలం పేరు మారింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. కార్డుకూ ఇలాగే జరుగుతుంది. వేరే స్లాట్‌లో కొత్త పరికరం పెట్టినా, బయోస్ అప్‌డేట్ చేసినా పీసీఐ బస్ సంఖ్యలు మారవచ్చు. అప్పుడు కదలని కార్డు కూడా ఈఎన్‌పీ2ఎస్0 నుంచి ఈఎన్‌పీ3ఎస్0 అవుతుంది. పేరు పెట్టే సూత్రాలు మారినా ఇదే ఫలితం కాబట్టి, 2018 చివర వచ్చిన సిస్టమ్‌డీ 240 నుంచి ఆ సూత్రాలకే వెర్షన్ సంఖ్యలు ఇచ్చి, పాతవాటినే పాటించమనే వీలు కల్పించారు. 2020లో లైనక్స్ 5.5 ఒకే పోర్టుకు అదనపు పేర్లను అనుమతించింది. అసలు పేరుకు 15 అక్షరాలే పరిమితి, అదనపు పేరు 127 దాకా ఉండవచ్చు.

పేరు వేరు, ప్రాధాన్యం వేరు. ఇంటర్నెట్‌కు ఏ దారిన వెళ్లాలో మెట్రిక్ అనే అంకె చెబుతుంది. తక్కువ అంకె ఉన్న దారే ముందు. నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా ఈథర్‌నెట్‌కు 100, వైఫైకి 600 ఇస్తుంది. విండోస్ లింక్ వేగాన్ని బట్టి మెట్రిక్ తానే లెక్కగడుతుంది. మ్యాక్‌ఓఎస్‌లో సర్వీసుల వరుసను వాడేవారే మార్చుకోవచ్చు.

రెండు మూడు పోర్టులున్న సర్వర్‌కు నమ్మకమైన పద్ధతి సిస్టమ్‌డీ చదివే లింక్ ఫైల్. అందులో మ్యాక్ అడ్రస్‌ను గాని, పీసీఐ దారిని గాని గుర్తుగా చూపి, ల్యాన్0, వ్యాన్0 వంటి పని తెలిపే పేరు రాస్తారు. ఈత్ వరుసలోని పేర్లను మాత్రం వాడరు. వాటిని పంచేది ఇప్పటికీ కెర్నెలే కాబట్టి పాత పోటీ మళ్లీ మొదలవుతుంది. కార్డు మార్చిన రోజు ఫైల్‌లో ఒక్క వరుస సరిదిద్దితే చాలు. ఫైర్‌వాల్ నియమాలను ముట్టుకోనక్కర్లేదు.